అచ్చం ఆయక్క మాదిరే

పోయిన నెల ఒకాయన కూతుర్ని ఎంటబెట్టుకోని నేను పనిచేసే ఆఫీసుకు వచ్చినాడు. నంద్యాలలో నాదొక చిన్న ఉద్యోగం, ఆటల కోటాలో వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చోకముందే ఫోను తీసి నా మొగం ముందర పెట్టినాడు. అందులో ఆ పాప హాకీ ఆడతాంది. "చూడుమ్మా, నువ్వు ఈ వయసులో ఇట్లే ఆడేదానివా? మా పాప నీకంటే ముందుందా, ఎనకుందా? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు. పాపకు పన్నెండేళ్ళుంటాయేమో, నేల చూపులు చూస్తా నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. "అన్నా, ఆ వయసులో నాకు స్టిక్కు ఎట్ల పట్టుకోవల్లనో కూడా తెలీదు. నీ కూతురు ఎట్ల ఆడతాందో గ్రౌండు కాడికి పోయి చూడు, మధ్యలో నా ఊసు యాల?" అని పంపించేసినా. మెట్లు దిగతా ఆయన కూతురితో అనేది వినబడింది. "చూసినావా, రవ్వంత పేరొస్తే ఎంత టెక్కో!"

టెక్కంట! ఆయప్పకేం తెలుసు నా సంగతి. మా పక్క జనాలకు ఈ పోలిక పెట్టే జబ్బు పుట్టుకతోనే వస్తాది. బిడ్డ కండ్లు తెరవకముందే ముక్కు మేనత్తది, చెవులు తాతవి, మొండితనం ఫలానా వాళ్ళదని వాటాలేసుకుంటారు. ఆ బిడ్డకంటూ ఏమీ మిగల్చరు. చచ్చినాక కూడా వదల్రు, "వాళ్ళన్న మట్టికి ఇంతకంటే ఎక్కువ జనం వచ్చిండ్రి" అని లెక్క తేలుస్తారు. ఇంక ఆటల్లో ఐతే చెప్పబళ్ళే. ఒక పిల్ల స్టిక్కు పట్టుకుంటే చాలు, ఎవరి మాదిరి ఉందో వెతుకుతారు గానీ ఆ పిల్ల ఏం చేస్తాందో చూడరు. నాకు పదహారేళ్ళప్పుడు నన్ను అట్లనే వెతికినారు. దాంట్లో నాకు దొరికింది దొరికింది, పోయింది పోయింది. అది ఇప్పుడు చెప్తా.

మాది ఆళ్ళగడ్డ. నాయనకు మోటార్ల వైండింగ్ అంగడి. కాలిపోయిన బోరు మోటార్లు రైతులు తెచ్చి పడేస్తే, లోపల తీగ విప్పి కొత్త తీగ చుట్టి ఇస్తాడు. అమ్మ అంగన్‌వాడీ టీచరు. నేను ఇంటర్మీడియట్ నంద్యాలలో చదివినా. పొద్దున బస్సుకు పోయేది, సాయంత్రం కాలేజీ అయినాక ఒక హైస్కూలు గ్రౌండులో హాకీ ఆడేది, చీకటి పడే టయానికి మళ్ళీ బస్సెక్కేది. నేను ఆడేది డిఫెన్స్, అంటే గోలుకు ముందర నిలబడి వచ్చేవాళ్ళను ఆపేది. గోలు కొట్టేవాళ్ళకు చప్పట్లు, గోలు ఆపేవాళ్ళకు తిట్లు. తొమ్మిది ఆపి పదోది వదిలితే ఆ పదోదే గుర్తుంటాది జనాలకు.

ఆ ఏడు నాయన తెగేసి చెప్పినాడు. "చూడు మే, ఈ తూరి స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తే పో, నీ తిండి నీ చదువు వాళ్ళే చూసుకుంటారు, ఆడుకో. రాకుంటే కర్ర మూలన పెట్టి నర్సింగులో చేరల్ల. ఈ బస్సుల్లో తిరిగేది చాలు." ఆయన కోపంగా చెప్పలేదు, తీగ చుట్టుకుంటానే చెప్పినాడు. అందుకే నాకు ఎక్కువ భయమైంది. హాస్టలుకు వయసు హద్దు ఉంది, నాకు అదే ఆఖరి ఏడు. మా పక్కనుంచి డిఫెన్సుకు తీసుకునేది ఒక్కర్నే. ఆ ఒక్క సీటు నాకు కావల్ల. నర్సింగు మీద నాకేం కోపం లేదు గానీ, స్టిక్కు లేకుండా నేను ఏం మనిషినో నాకు తెలీదు అప్పుడు.

మాకు ఆట నేర్పే డ్రిల్లు సార్‌కు ఒక్కటే దేవత. మా గ్రౌండులోనే ఆడి, రాష్ట్రం జట్టుకు పోయి, దేశం క్యాంపుల దాకా పోయి, రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్న ఒక అక్క. ఆయక్క కూడా డిఫెన్సే. సార్ గదిలో గోడకు ఆయక్క ఫొటో, దాని పక్కన ఒక పెద్ద అట్ట. అట్ట మీద రెండు వరసలు. ఒక వరసలో ఆయక్క ఏ వయసులో ఏం చేసింది, రెండో వరసలో నేను ఏం చేసినా. ఆయక్క పద్నాలుగేళ్ళకే పెద్దోళ్ళ జట్టులో ఆడింది, నా పక్కన గీత. ఆయక్క పదిహేనేళ్ళకు జిల్లా కెప్టెన్, నా పక్కన ఇంకో గీత. రోజూ సాయంత్రం షూ వేసుకునేకి ఆ గదిలోకి పోవల్ల, పోయినప్పుడంతా ఆ గీతలు చూడల్ల. మార్కుల లిస్టు గోడకు తగిలిస్తే కనీసం మన మాదిరి ఫెయిలైనోళ్ళు నలుగురు ఉంటారు. ఈడ ఫెయిలయ్యేది నేనొక్కదాన్నే.

ఆటతో ఐపోతే బాగుండు. తిండి కూడా పోలికే. "ఆయక్క పొద్దున్నే రెండు పచ్చి గుడ్లు తాగేది, నువ్వు బొరుగుల ఉగ్గాని తిని వస్తాండావ్, యాడ బాగుపడతావ్!" అనేవాడు సార్. ఆయక్క జుట్టు పొట్టిగా కత్తిరించుకునేదంట, నా జడ చూసి రోజూ నిట్టూర్పు. ఆయక్క తక్కువ మాట్లాడేదంట, నాకు నోరెక్కువ. ఇంటికి పోతే నాయన కూడా అదే పాట. "ఆ పిల్ల తెల్లారుజామున్నే లేసి పరిగెత్తేదంటనే." చర్చికి పోతే ఒక పెద్దమ్మ ప్రార్థన చేసి, "దేవా, ఈ బిడ్డను ఆ నంద్యాల బిడ్డ మాదిరి చెయ్యి" అని నెత్తిన చెయ్యి పెట్టింది. దేవునికి కూడా నమూనా చూపించి పని చెప్తారు మావాళ్ళు. ఆయన నన్ను ఒక తూరి చేసినాడు గదా తల్లీ, మళ్ళీ యాల మార్చమంటావ్ అని నోటి దాకా వచ్చింది, అమ్మ చెయ్యి గిల్లితే ఊరుకున్నా.

అన్నిటికంటే పెద్ద పిచ్చి ఆ పాదాలు. ఫొటోలో ఆయక్క ఒక తీరుగా నిలబడి ఉంటాది. కుడి కాలు బాగా ఎనక్కి, ఒళ్ళంతా కుడి పక్కకు తిప్పి, స్టిక్కు కూడా కుడి పక్కనే. సార్‌కు అది చాలు. గోలు ముందర సున్నంతో రెండు పాదాలు గీసినాడు, ఒకటి ముందుకు, ఒకటి ఎనక్కి, ఆయక్క నిలబడిన కొలతకు. చెరిగిపోతే మళ్ళీ గీసేవాడు. డిఫెన్స్ ఆడే ఏ పిల్లైనా ముందు పోయి ఆ పాదాల్లో కాళ్ళు పెట్టి నిలబడల్ల. నాకంటే ముందు ఎన్ని బ్యాచీల పిల్లోళ్ళు నిలబడినారో. దేవుని పాదాలకు కూడా అంత భక్తిగా సున్నం కొట్టరు. "ఈ నిలబడే తీరులోనే ఉందమ్మా అంతా. ఆమెను దాటుకోని ఒక్కరన్నా పోయినారా?" అనేవాడు. నాకు ఆ తీరు మొదట్లో నడుం నొప్పి పెట్టేది. ఏడాదికి అలవాటైపోయింది, నిద్రలో లేపి నిలబెట్టినా అట్లనే నిలబడేదాన్ని.

మాతోపాటు ఆత్మకూరు నుంచి ఒక పాప వచ్చేది, నాకంటే ఒక ఏడు చిన్నది. వాళ్ళ నాయనను అబ్బ అనేది, ఆయన పరుపులు కుట్టేవాడు. బస్సు దూరం గాబట్టి ఆదివారం ఒక్కరోజే వచ్చేది. ఆదివారం సున్నం ఉండే గదికి తాళం, శనివారం గీసింది చెరిగిపోయి ఉంటాది. అందుకే ఆ పాపకు పాదాలు లేవు, ఏమీ లేవు, వీధిలో అన్నదమ్ములతో ఆడి నేర్చుకున్న ఆట. సన్నగా, పొట్టిగా, ఒక చోట నిలబడేదే లేదు. బాలు యాడికి పోతాదో దానికంటే ముందు ఆడికి పోయి ఉండేది. సార్ ఆ పాపను చూసి పెదవి విరిచేవాడు. "ఇది ఎవరి మాదిరీ లేదే! దీన్ని ఏమని చెప్పల్ల?" అదే ఆయన బాధ. బాగా ఆడతాందా లేదా అనేది ఆయనకు తోచనే లేదు.

సెలక్షన్లకు ఇంక పన్నెండు రోజులున్నాయనంగా ఆయక్క ఊరికి వచ్చింది. సార్ సంబరం చూడల్ల! షామియానా, శాలువా, పూలదండ, మైకులో ముప్పావుగంట ఉపన్యాసం. అంతా అయినాక మమ్మల్ని ఆడించి చూపించినాడు. నేను పోయి పాదాల్లో నిలబడినా. ఆయక్క పది నిముషాలు చూసింది. చూసి నవ్వింది. మంచి నవ్వు గాదు, ముక్కుతో నవ్వేది.

"ఏం పాపా, అట్ల మూతి తిప్పుకోని నిలబడినావ్ యాల?" అనింది.

"నువ్వట్లనే నిలబడేదానివంట గదక్కా."

ఆయక్క నా భుజం పట్టుకోని తిప్పి, గోలుకు ఎడమ పక్క నేల చూపించింది. "అది ఏందీ?"

"బురదక్కా." గోడవతల కొళాయి నీళ్ళు ఆ పక్కకే ఊరతాయి. నేను చూసినప్పటి నుంచి ఆడ బురదే.

"ఆ. నా కాలంలో కూడా బురదే. ఈ గ్రౌండుకు గోలు ఒక్కటే, రెండోదాని కట్టెలు ఎవర్దో పెండ్లి పందిరికి ఎత్తుకపోయి మళ్ళీ తేలేదు. రోజూ ఈ ఒక్క గోలు కాడే ఆట. ఎడమ పక్కకు బాలు పోతే బురదలో ఆగిపోతాది, ఆ పక్కకు ఏ పిచ్చిది వస్తాది? అందుకని నేను కుడి పక్కకు తిరిగి నిలబడుకునేదాన్ని. బద్ధకం పాపా. అంతకు మించి ఏం లేదు."

హాకీ తెలీనోళ్ళకు ఒక మాట చెప్పల్ల. స్టిక్కుకు ఒక పక్కే చదును. కుడి పక్క బాలు వస్తే సులభంగా ఆపొచ్చు, ఎడమ పక్క వస్తే స్టిక్కు తిప్పి పట్టుకోవల్ల, కష్టం. అందుకే మంచి గ్రౌండులో ఎవరైనా మన ఎడమ పక్కనుంచే దాటుకోని పోయేకి చూస్తారు. అంటే ఎక్కువ కాపలా కాయాల్సిన వాకిలే తెరిచిపెట్టి, మూసిన గోడ కాడ నిలబడి కాస్తాండాం మేమంతా. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అంటారే, ఈడ ఆ పులి వంటి మీద ఉన్నవి కూడా చారలు గావు, పాత పుండు మచ్చలు.

"క్యాంపుకు పోయిన మొదటి రోజే నన్ను ఎడమ పక్కనుంచి దాటుకోని దాటుకోని పోయినారు. అందరి ముందర ఏడ్చినా. ఆ అలవాటు పోయేకి రెండేళ్ళు పట్టె. ఆ రెండేళ్ళు బెంచీ మీదే" అనింది ఆయక్క. సార్‌కు కూడా వినబడేటట్టే చెప్పింది. సార్ ఏమన్నాడో తెలుసా? చేతులు జోడించి, మా అందరి పక్క తిరిగి, "చూసినారా పిల్లలూ, ఎంత ఎదిగినా ఎంత అణకువో!" అన్నాడు. ఆయక్క శాలువా మడత పెట్టుకునింది. ఎద్దు ఈనిందంటే గాట్లో కట్టేయమనే మనిషికి ఏం చెప్తాది పాపం. పాపం అని కూడా అనగూడదులే, పోతా పోతా నా చెంప మీద తట్టి, "నీ వయసుకు నేను ఇంకా గట్టిగా కొట్టేదాన్ని" అని చెప్పే పోయింది. వాళ్ళకూ అదే జబ్బు.

ఆ సాయంత్రం బస్సులో ఆళ్ళగడ్డ దాకా ఏడ్చినా. ఏడాదిన్నర కష్టపడి నేర్చుకునింది ఒక కొళాయి కారడం. మర్సటి రోజు సార్‌ను అడిగినా, నేరుగా నిలబడి ఆడతా సార్ అని. "ఆమె పెద్దది, ఏమైనా అంటాది. నువ్వు ఆమె చెప్పింది గాదమ్మా, చేసింది చెయ్యి" అన్నాడు. సరే, నీ తలకాయ అనుకోని ఇంటి కాడ మొదలుపెట్టినా. పొద్దున్నే అంగడి ముందర రోడ్డు మీద నేను స్టిక్కు పట్టుకోని నిలబడేది, నాయన ఒక పాత పైపు ముక్కతో బాలు నెట్టుకుంటా నా ఎడమ పక్కకు వచ్చేది. లుంగీ ఎగ్గట్టి, ఎగపోసుకుంటా. టీ తాగేవాళ్ళంతా నవ్వేది. "నీకు ఆట తెల్దు గదా నాయనా" అంటే, "ఆట తెల్దు గానీ, తప్పు చుట్టింటే మొత్తం విప్పల్ల అని తెలుసు. పైపైన చుడితే మళ్ళీ కాలిపోతాది" అన్నాడు. పది రోజుల్లో సగం విప్పగలిగినా. పదిసార్లకు ఐదుసార్లు కాలు మాట వినేది. మిగతా ఐదుసార్లు దానంతట అది ఎనక్కి పోయేది.

సెలక్షన్లు దూరం ఊర్లో, టర్ఫ్ మీద. టర్ఫ్ అంటే పచ్చని ప్లాస్టిక్ గడ్డి, నీళ్ళు చల్లి ఆడిస్తారు, బాలు జర్రున జారిపోతాది. సార్ నలుగురు పిల్లోళ్ళను రైల్లో తీసుకపోయినాడు, అందులో నేను, ఆత్మకూరు పాప ఉన్నాం. ఆ పాప అంతవరకు టర్ఫ్ చూడలేదు. వంగి చేత్తో తడిమి, "అక్కా, యాడా గుంతే లేదు!" అని నవ్వింది. వాళ్ళ అబ్బ మొదటిసారి కొత్త షూ కొనిచ్చినాడంట, అవి తడిసిపోతాయని దిగులు. మమ్మల్ని ఇద్దర్నీ ఒకే జట్టులో వేసినారు. ఎనక నేను కుడి పక్క, ఆ పాప ఎడమ పక్క. ముగ్గురు సెలక్టర్లు గొడుగు కింద కూర్చోని ఫోన్లు చూసుకుంటాండ్రి.

మొదటి పది నిముషాలు నేను నేరుగా నిలబడి ఆడినా. నాయన నేర్పిన ఎడమ పక్క. రెండుసార్లు బాలు శుభ్రంగా తీసుకున్నా. గొడుగు కిందనుంచి ఒక్కరు కూడా తల ఎత్తలేదు. ఆడపిల్ల బాలు ఆపితే ఏముంది చూసేది వాళ్ళకు! తర్వాత అలిసి, భయంతో, నా కాలు పాత బుద్ధికి పోయింది. ఎనక్కి జరిగింది, ఒళ్ళు కుడి పక్కకు తిరిగింది. అవతలి పిల్ల నా ఎడమ పక్కనుంచి ఈల వేసుకుంటా పోయినట్టు పోయింది. అయిపోయింది, నర్సింగే అనుకున్నా. ఆత్మకూరు పాప యాడనుంచి వచ్చిందో, అడ్డంగా పరిగెత్తుకోని వచ్చి గోలు ముందర ఆ బాలు లాక్కునింది.

అప్పుడు వినబడింది గొడుగు కిందనుంచి, ముసలి సెలక్టరు గొంతు. "ఏయ్, ఆ పాపను చూడండప్పా! నంద్యాల పిల్లనా? అచ్చం ఆయమ్మ మాదిరే నిలబడిందే!"

మిగతా ఇద్దరూ ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. గీత అవతల నిలబడిన మా సార్ రెండు చేతులూ ఎత్తి, అట్లనే, అట్లనే అని సైగ చేస్తాండాడు. అవతలి పిల్ల నన్ను దాటుకోని పోతే, వాళ్ళకు కనబడింది నా నిలబడే తీరు. వీళ్ళు ఆట చూసేకి వచ్చిన పెద్దమనుషులు! థూ. ఎన్నేండ్లైనా నాకు వాళ్ళ మీద ఆ అసహ్యం పోదు.

కానీ వాళ్ళను తిట్టేకి నేనెవర్ని? తర్వాత నేను చేసింది చెప్పల్ల గదా. ఆ మాట విన్నాక నా కాలు తప్పి పోలేదు. నేనే పెట్టినా. చూసి, లెక్కపెట్టి, కుడి కాలు ఎనక్కి పెట్టి, ఒళ్ళు కుడికి తిప్పి, ఫొటోలో ఆయక్క ఎట్లుందో అట్ల నిలబడినా, ఆట అయిపోయేదాకా. ఎడమ పక్క వాకిలి బార్లా తెరిచిపెట్టినా. అది తప్పని పన్నెండు రోజుల ముందే తెలిసిన దాన్ని, తెలిసీ చేసినా. అవతలోళ్ళు మంచోళ్ళు, బురద లేని గ్రౌండులో ఆడి నేర్చుకున్నోళ్ళు, ఎడమ పక్కనుంచే వచ్చినారు మళ్ళీ మళ్ళీ. వచ్చిన ప్రతిసారీ ఆత్మకూరు పాప తన జాగా వదిలి నా ఎనక్కి పరిగెత్తి ఆపేది. ఆపి, మళ్ళీ తన పక్కకు పరిగెత్తేది. ఆ పాప ఎగపోత నా చెవి పక్కనే వినబడేది. ఒకసారి గట్టిగా అరిచింది, "అక్కా, ఎడమ పక్క! ఎడమ పక్క చూడక్కా!" అని. నేను తిరగలేదు. గొడుగు పక్క చూస్తా నిలబడినా.

మా మీద ఒక్క గోలు కూడా పడలేదు. సాయంత్రం పేర్లు చదివినారు. డిఫెన్సుకు నా పేరు. ముసలాయన నా నెత్తిన చెయ్యి పెట్టి, "ఒక్క గోలూ పోనియ్యలేదు, అచ్చం ఆయమ్మే. ఆ పేరు నిలబెట్టల్ల" అన్నాడు. మా సార్ కండ్ల నీళ్ళు తుడుచుకుంటాండాడు. ఆత్మకూరు పాప పోయి ఆ ముసలాయన్నే అడిగింది, నేను ఏం తప్పు చేసినా సార్ అని. "నువ్వు బాగా పరిగెత్తుతావ్ గానీ పాపా, నీ జాగాలో నువ్వు నిలబడవే! డిఫెన్స్ అంటే ఊరికే ఆ పక్కకు ఈ పక్కకు ఉరికేది గాదు. ఈ అక్కను చూసి నేర్చుకో" అని నన్ను చూపించినాడు. ఆ పాప నన్ను చూసింది. నేను షూ లేసు విప్పుకుంటాంటి, వంగి, ఎంతసేపు విప్పుతారో లేసు. ఒక్క మాట చెప్పింటే చాలు. ఆ పాప ఉరికింది నా వల్ల సార్ అని ఒక్క మాట. నాయనకు ఫోను చేసి సీటొచ్చిందని చెప్పినా. అవతల ఆయన ఏడ్చినాడు. మొత్తం విప్పి మళ్ళీ చుట్టినావ్ గదా మే అన్నాడు. అవును నాయనా అన్నా.

మర్సటి పొద్దున నంద్యాలలో రైలు దిగి బస్టాండుకు వచ్చినాం. సార్ మిఠాయి కొనేకి పోయినాడు. ఆత్మకూరు బస్సు నిలబడి ఉంది, కండక్టరు జనాలను కేకలేస్తాండాడు. ఆ పాప సంచి భుజానికి తగిలించుకోని, కొత్త షూ చేతిలో పట్టుకోని నా కాడికి వచ్చింది. ఇంక మా అబ్బ పంపడు అక్కా, ఇదే ఆఖరు అనింది. ఏడ్చలేదు. ఏం చెప్పల్లనో తెలీక, పెద్ద గొప్పదాని మాదిరి, "ఎవరేమన్నా పట్టించుకోవద్దు పాపా, నీ ఆట నువ్వు ఆడుకో" అని చెప్పినా. సీటు కాగితం నా సంచిలో ఉంది గదా, ఎన్నైనా చెప్తాం.

ఆ పాప తల ఊపింది. ఊపి అడిగింది, "అక్కా, ఎడమ పక్క చూడమని నేను అరిచింది నీకు వినబడలేదా?"

"లేదు పాపా. ఆ గోలలో ఏమీ వినబడలేదు" అన్నా.

బస్సు హారన్ కొట్టింది. ఆ పాప మెట్టు ఎక్కి, నా పక్క తిరిగి, తప్పు తనదైనట్టు నొచ్చుకుంటా అనింది, "నేనే ఇంకా గట్టిగా అరిచిండాల్సిందక్కా."